ఓడల పెయింటింగ్ కాలుష్యం: పెద్ద యంత్రం కొనే ముందు థిన్నర్ లెక్క తీయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ ఓడల యార్డులో కొత్త బ్లాకులకు (ఓడను కట్టే విడివిడి భాగాలకు) హాలులోపల, మరమ్మతుకొచ్చిన ఓడలకు ఆరుబయట డ్రై డాక్‌లో (నీళ్లు తోడేసి ఓడను నిలిపే గుంటలో) పెయింటింగ్ జరుగుతోంది. చుట్టుపక్కల వాళ్లు వాసన గురించి, బండ్ల మీద పడుతున్న పెయింటు చుక్కల గురించి గొడవ చేస్తున్నారు. యాజమాన్యం ఆవిర్లను కాల్చేసే పెద్ద యంత్రం కొందామంటోంది. అది పెడితే సమస్య తీరుతుందా, పర్యావరణ విభాగం చూసే మీరు ముందు ఏం చేయాలి?

ఓడల కోటింగ్ పనిలో, ఎక్కువగా ఇన్‌స్పెక్షన్ వైపు, చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి సూటిగా చెప్తాను. యంత్రం సంగతి ఆఖర్న చూద్దాం. ముందు స్టోర్ రిజిస్టర్ తెరిచి, పోయిన ఏడాది ఎంత పెయింటు, ఎంత థిన్నర్ బయటకు వెళ్లిందో రాసుకోండి. కొన్న సాల్వెంట్‌లో (పెయింటును పలచగా ఉంచి, ఆరేటప్పుడు ఆవిరైపోయే ద్రవం; థిన్నర్ కూడా అదే) వ్యర్థంగా డ్రమ్ముల్లో పంపించింది, శుద్ధి చేసి మళ్లీ వాడుకున్నది తీసేస్తే మిగిలిందంతా గాలిలోకే పోయింది. ఇంకెక్కడికీ పోదు. చిమ్నీ దగ్గర మీటరు పెట్టి కొలిచినదాని కన్నా ఈ లెక్కే నమ్మదగినది, ఎందుకంటే ఓడల పెయింటింగ్‌లో ఎక్కువ భాగం ఏ చిమ్నీ గుండా వెళ్లదు. పెయింటు ఖాతా ఒకచోట, స్ప్రే గన్నులు కడిగే థిన్నర్ ఖాతా ఇంకోచోట ఉంటే రెండూ కలపడం మర్చిపోకండి. కడగడానికి వాడే థిన్నర్ చాలా యార్డుల్లో ఎవరి లెక్కలోకీ రాదు.

మీకు వస్తున్న రెండు ఫిర్యాదులూ వేర్వేరు. వాసన అంటే సాల్వెంట్ ఆవిరి: జైలీన్, ఇథైల్ బెంజీన్, బ్యూటనాల్, కొన్ని కీటోన్లు. చుక్కలంటే ఓవర్‌స్ప్రే, అంటే ఓడకు అంటకుండా గాలిలో కొట్టుకుపోయిన పెయింటు తుంపర. అందులో రెసిన్‌తో పాటు జింకు, యాంటీఫౌలింగ్ (ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే పెయింటు) అయితే రాగి ఆక్సైడ్ కూడా ఉంటాయి. ఆరుబయట డాక్‌లో పుట్టే ఈ రెండింటిలో దేన్నీ యంత్రం ఆపలేదు, ఎందుకంటే ఆ గాలి యంత్రం దాకా రాదు. జైలీన్ వాసన గాలిలో ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) దగ్గరే ముక్కుకు తెలిసిపోతుంది. వాసన పోయిన తర్వాత కూడా దాని పని అయిపోదు. ఎండలో, నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిసి నేల మట్టం దగ్గర ఓజోన్ తయారుచేస్తుంది. ఈ విషయంలో జైలీన్ మిగతా చాలా సాల్వెంట్ల కంటే చురుకైనది. కాబట్టి వాసన లేని థిన్నర్‌కు మారితే ఫిర్యాదులు తగ్గొచ్చేమో గానీ, అదొక్కటే కాలుష్యం తగ్గించినట్టు కాదు.

ఇప్పుడు అసలు లెక్క. పెయింటు డబ్బా మీద లీటరుకు ఎన్ని గ్రాముల వీఓసీ (ఆవిరైపోయే సాల్వెంట్లు) అని ఉంటుంది. అందరూ దాన్నే చూస్తారు. నేను చదరపు మీటరుకు ఎంత అన్నది చూస్తాను. 100 మైక్రాన్ల పొడి పొర కావాలంటే ఒక చదరపు మీటరుకు 0.1 లీటరు ఘనపదార్థం కావాలి. ఘనపదార్థం 50 శాతం ఉన్న పాత తరహా ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే గట్టి పెయింటు) అయితే 0.2 లీటరు పెయింటు పడుతుంది. అందులో 0.1 లీటరు సాల్వెంట్, అంటే దాదాపు 87 గ్రాములు. అదే 80 శాతం ఘనపదార్థం ఉన్న ఎపాక్సీ అయితే 0.125 లీటరు పెయింటు చాలు, సాల్వెంట్ సుమారు 22 గ్రాములే. పెయింటు మార్చడం ఒక్కదానితోనే నాలుగో వంతుకు వచ్చేశాం. ఏ యంత్రమూ లేకుండా, కరెంటు బిల్లు లేకుండా.

కానీ ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఆ 80 శాతం పెయింటు చిక్కగా ఉంటుంది. పంపు దగ్గరుండే హెల్పరు మిక్సరు తిప్పి, కర్ర పైకెత్తి, పెయింటు ఎలా జారుతోందో చూస్తాడు. తాడులా సాగుతూ పడితే, పెయింటు కంపెనీ ఇచ్చిన డేటా షీటులో ఏముందో చూడకుండానే పక్కనున్న డ్రమ్ములోంచి ఒక మగ్గు థిన్నర్ పోస్తాడు. మళ్లీ కర్ర ఎత్తుతాడు. ఇంకో మగ్గు. పది శాతం థిన్నర్ ఇట్టే అయిపోతుంది. పాత పెయింటులో ఆ పది శాతం వల్ల చదరపు మీటరుకు 17 గ్రాములు పెరిగి 87 కాస్తా 104 అవుతుంది, అంటే 20 శాతం ఎక్కువ. కొత్త పెయింటులో 11 గ్రాములు పెరిగి 22 కాస్తా 33 అవుతుంది, అంటే 50 శాతం ఎక్కువ. పైగా కొట్టిన పెయింటులో 30 శాతం ఓడకు అంటకుండా పోతే, అంత ఎక్కువ కొట్టాలి కాబట్టి 33 కాస్తా 47 అవుతుంది. డేటా షీటు ప్రకారం 22, డాక్‌లో 47. మీ యాజమాన్యానికి ముందుగా చూపించాల్సిన లెక్క ఇదే.

అమెరికాలో 1995 డిసెంబరులో వచ్చిన ఓడల పెయింటింగ్ నిబంధనల్లో ఈ కిటుకును పట్టుకున్నారు. సాధారణ పెయింటుకు లీటరుకు 340 గ్రాములు, యాంటీఫౌలింగ్‌కు 400 గ్రాములు అంటూ హానికర ఆవిరి పదార్థాలకు హద్దులు పెట్టారు. ఆ హద్దు డబ్బాలో ఉన్న పెయింటుకు కాకుండా, థిన్నర్ కలిపి ఓడ మీద కొట్టే పెయింటుకు వర్తిస్తుంది. మీ దేశంలో నిబంధన ఎలా ఉన్నా, యార్డు లోపల మీరు ఇదే పద్ధతి పెట్టుకోండి. ప్రతి బ్యాచ్‌కూ ఎంత థిన్నర్ కలిపారో రాయాలి. డ్రమ్ము తాళం స్టోర్ దగ్గరే ఉండాలి. తాళం అనగానే నవ్వుతారు, నవ్వనివ్వండి.

తాళం వేసి ఊరుకుంటే మాత్రం పెయింటర్లతో యుద్ధమే. చిక్కటి పెయింటు గన్నులోంచి సరిగా రాకపోతే వాళ్ల తప్పు కాదు. థిన్నర్ చేసే పనినే వేడితో చేయించొచ్చు. పంపు తర్వాత లైనులో హీటరు, ఇన్సులేషన్ ఉన్న గొట్టాలు పెట్టి పెయింటును 40 డిగ్రీల దగ్గర ఉంచితే పలచబడి చక్కగా చిమ్ముతుంది. డబ్బాలను చల్లటి షెడ్డులోంచి నేరుగా తీసుకురాకుండా ముందు రోజే వెచ్చటి గదిలో పెట్టినా చాలా తేడా వస్తుంది. ఒకటే జాగ్రత్త: వేడి చేస్తే పాట్ లైఫ్ (కలిపాక పెయింటు వాడటానికి పనికొచ్చే సమయం) తగ్గిపోతుంది. రెండు భాగాలూ కలిపేసిన పెయింటు డ్రమ్ములోనే గట్టిపడే ప్రమాదం ఉంది.

అందుకే పని పరిమాణం పెద్దదైతే రెండు భాగాలనూ విడివిడిగా వేడి చేసి, గన్నుకు దగ్గరలో కలిపే జంట పంపులు తీసుకోమంటాను. సాల్వెంట్ అసలు లేని ఎపాక్సీలను కూడా వీటితో కొట్టొచ్చు. కలిపింది మిగిలిపోయి పారేయడం ఉండదు. కడగాల్సింది కలిపే చోటు నుంచి గన్ను దాకా ఉన్న చిన్న ముక్క మాత్రమే కాబట్టి కడిగే థిన్నర్ కూడా బాగా తగ్గుతుంది. వీటికి ఖర్చుంది, శిక్షణ కావాలి, నిష్పత్తి తప్పితే కోటింగ్ మొత్తం పాడవుతుంది. అయినా ఆవిర్లను కాల్చే యంత్రంతో పోలిస్తే ఖర్చు చిన్నదే, ఫలితం పెద్దది.

ఇక చుక్కల సంగతి. మామూలు ఎయిర్ స్ప్రేతో ఓడ బాడీకి కొడుతుంటే దాన్ని ఈ రోజే ఆపండి. ఎయిర్‌లెస్ (గాలి కలపకుండా పెయింటునే ఒత్తిడితో చిమ్మే పద్ధతి) వాడుతున్నారనే అనుకుంటున్నాను. ఎయిర్‌లెస్‌లో కూడా తుంపర ఎంత ఎగురుతుందన్నది రెండు చిన్న విషయాల మీద ఆధారపడి ఉంటుంది: టిప్ (గన్ను కొసన ఉండే రంధ్రపు ముక్క), ప్రెషర్. టిప్ మీద 521 అని ఉంటే, మొదటి 5 ను రెట్టింపు చేస్తే 10. అంటే 30 సెంటీమీటర్ల దూరం నుంచి కొడితే సుమారు 10 అంగుళాల వెడల్పు పట్టీ వస్తుంది. 21 అంటే రంధ్రం 0.021 అంగుళం. జింకు, రాగి ఆక్సైడ్ లాంటి గరుకు పిగ్మెంట్లు ఆ రంధ్రాన్ని అరగదీస్తాయి. రంధ్రం పెద్దదవుతుంది, పట్టీ సన్నబడుతుంది, మధ్యలో పెయింటు లావుగా పడుతుంది. పట్టీ సరిగా రావట్లేదని పెయింటరు ప్రెషర్ పెంచుతాడు. ప్రెషర్ పెరిగితే తుంపర మరీ సన్నబడి, ప్లేటుకు తగిలి వెనక్కి ఎగిరి గాలిలో కలుస్తుంది. కాబట్టి ప్రతి షిఫ్టు మొదట్లో ఒక అట్టముక్క మీద ఒక గీత కొట్టించి వెడల్పు కొలవండి. 10 అంగుళాలు రావాల్సింది ఏడున్నరకు దిగితే ఆ టిప్ పారేయాలి. ప్రెషర్ ఎంత ఉండాలంటే, పట్టీ అంచుల్లో తోకలు (విడిగా పడే గీతలు) మాయమయ్యేంత, అంతకు ఒక్క పిసరు కూడా ఎక్కువ వద్దు. గన్ను ప్లేటుకు నిటారుగా 30 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మణికట్టు తిప్పుతూ విసనకర్ర ఊపినట్టు కొట్టేవాళ్ల పెయింటు సగం అంచుల దగ్గర గాలికే పోతుంది. టిప్ ఖరీదు, అది వృథా చేసే పెయింటు ఖరీదు పక్కపక్కన పెట్టి చూపిస్తే కొనుగోళ్ల విభాగం ఇక మాట్లాడదు.

తడి పొర మందం కొలిచే దువ్వెన గేజీ ప్రతి పెయింటరు జేబులో ఉండాలి. 125 మైక్రాన్లు చాలు అన్నచోట 180 వేస్తే ఎవరూ తప్పు పట్టరు, ఎందుకంటే ఇన్‌స్పెక్టర్లు తక్కువ వేస్తేనే అరుస్తారు. ఆ అదనపు 55 మైక్రాన్లలోని సాల్వెంట్ కూడా ఊరి మీదకే పోతుంది. దీనికి మా ఇన్‌స్పెక్టర్ల తరం అంతా బాధ్యులమే అని నా అభిప్రాయం.

ఆరుబయట డాక్‌లో మిగిలింది గాలి. గాలి వేగం ఎంత దాటితే స్ప్రే ఆపాలో యార్డు రాతపూర్వకంగా ఒక హద్దు పెట్టుకోవాలి. ఆ వేగాన్ని గేటు దగ్గర కొలిస్తే లాభం లేదు, పెయింటరు నిలబడ్డ లిఫ్టు బుట్ట ఎత్తులో కొలవాలి. డాక్ అడుగున ప్రశాంతంగా ఉన్నా డెక్ అంచు దగ్గర ఈదురుగాలి ఉండొచ్చు. వేగంతో పాటు దిక్కు కూడా చూడండి. గాలి ఇళ్ల వైపు వీచే రోజుల్లో ఓడకు అవతలి పక్క పని పెట్టుకుంటే ఓడే తెర అవుతుంది. పరంజాకు కట్టే తెరలు ఉపయోగపడతాయి, కానీ గుడ్డ తెర కట్టిన పరంజా మీద గాలి ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. పరంజా డిజైన్ చేసినవాళ్లను అడగకుండా కట్టించకండి. రైలింగులు, డెక్ మీద చిన్న సామాను, అంచులు రోలరుతో, బ్రష్షుతో చేయించండి. సన్నటి పైపు రైలింగుకు స్ప్రే కొడితే అంటేదానికన్నా ఎగిరేదే ఎక్కువ.

డాక్‌లో కొట్టాల్సిన పెయింటునే తగ్గించడం ఇంకా మేలు. కొత్త ఓడల విషయంలో ఇది మీ చేతిలో ఉంది. బ్లాకు హాలులో ఉండగానే వీలైనంత పెయింటింగ్ ముగించి, కలిపే అతుకుల దగ్గర పట్టీలు మాత్రమే వదలాలి. దీనికి అడ్డం పడేది పెయింట్ షాపు కాదు, అవుట్‌ఫిటింగ్ వాళ్లు (పైపులు, సామాను బిగించేవాళ్లు). బ్లాకుకు పెయింటు అయ్యాక పైపు సపోర్టు ఒకటి మర్చిపోయామని వచ్చి వెల్డింగ్ చేస్తారు. ఇవతల వెల్డింగ్ చేస్తే ప్లేటుకు అవతల కూడా పెయింటు మాడిపోతుంది. దాన్ని మళ్లీ గ్రైండ్ చేసి, మళ్లీ పెయింటు వేయాలి, అదీ తెర లేని చోట. పెయింటు తర్వాత జరిగిన ప్రతి హాట్ వర్క్‌నూ (వెల్డింగ్ లాంటి పనిని) రాసి, నెలకోసారి ప్రొడక్షన్ మీటింగులో చదివి వినిపించండి. కాలుష్యం పేరుతో అడిగితే వినరు. రీవర్క్ (చేసిన పనే మళ్లీ చేయడం) గంటల పేరుతో అడిగితే వింటారు.

ఒక హెచ్చరిక. పెయింటు మార్చే నిర్ణయం మీ ఒక్కరిది కాదు. బ్యాలాస్ట్ ట్యాంకులకు (ఓడ నిలకడ కోసం నీళ్లు నింపే ట్యాంకులకు) అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ 2006 లో ఆమోదించిన ప్రమాణం ప్రకారం కోటింగ్ 15 ఏళ్లు మన్నేలా ఉండాలి, ఎపాక్సీ అయితే పొడి పొర 320 మైక్రాన్లు ఉండాలి, వ్యవస్థకు ముందే పరీక్షలు జరిగి ఆమోదం ఉండాలి. కాబట్టి ఆమోదం ఉన్న ఎక్కువ ఘనపదార్థపు రకాల్లోంచే ఎంచుకోవాలి, అదీ కాంట్రాక్టు సంతకం కాకముందే. ఓడ యజమాని స్పెసిఫికేషన్ ఖరారయ్యాక మీరు చేయగలిగింది చాలా తక్కువ. నీటి ఆధారిత పెయింట్లు ఓడ లోపలి గదులకు బాగానే పనిచేస్తాయి. తేమ ఎక్కువగా ఉంటే ఆరవు, కాబట్టి నీటిలో మునిగే భాగానికి వాటి మీద ఆశ పెట్టుకోకండి. నాసిరకం పని చేసి మూడేళ్లకే మళ్లీ కోటింగ్ గీకి వేయించుకునే ఓడ, మంచి పెయింటుతో ఆదా చేసిందంతా వెనక్కి ఇచ్చేస్తుంది. ఉప్పు కడగకుండా, ప్లేటు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలో తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉందో లేదో చూడకుండా కొట్టిన పెయింటు ఈ కోవలోకే వస్తుంది.

బ్లాస్టింగ్ (పెయింటుకు ముందు ప్లేటును గరుకు రేణువులతో కొట్టి శుభ్రం చేయడం) గురించి మీరు అడగలేదు గానీ, బండ్ల మీద పడేదాంట్లో కొంత అక్కడి దుమ్మే అయ్యుండొచ్చు. ఒక చుక్కను గోటితో గీకి చూడండి. మెత్తగా పొరలా లేస్తే పెయింటు, గరగరలాడితే గ్రిట్, అంటే ఆ రేణువులు. సిలికా ఇసుక వాడుతుంటే మాత్రం కాలుష్యం మాట అటుంచి, సిలికోసిస్ (ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) రాకుండా ఉండటానికైనా మానేయాలి. మరమ్మతు ఓడలకు అత్యధిక పీడనపు నీటితో గీకడం మంచి దారి. దుమ్ము దాదాపు ఉండదు. అది ప్లేటుకు కొత్త గరుకుదనం ఇవ్వదు, కానీ పాత ఓడకు కింద పాత గరుకుదనం ఎలాగూ ఉంటుంది. ఆ నీటిని మాత్రం పట్టి వడకట్టాలి. చాలా పాత పొరల్లో సీసం, క్రోమేటు, టీబీటీ (పాత యాంటీఫౌలింగ్ పెయింట్లలో వాడిన తగరపు విషం) ఉండే అవకాశం ఉంది. టీబీటీని నిషేధించిన యాంటీఫౌలింగ్ ఒప్పందం 2001 లో కుదిరి 2008 సెప్టెంబరులోనే అమల్లోకి వచ్చింది. గీకే ముందు నమూనా పరీక్ష చేయించండి.

ట్యాంకుల లోపల పని జరిగేటప్పుడు ఇంకో సంగతి. మండే ఆవిరి మీటరు, మండే కనిష్ఠ హద్దులో 10 శాతం లోపు చూపిస్తే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. జైలీన్ మండే కనిష్ఠ హద్దు గాలిలో సుమారు 1 శాతం, అంటే 10,000 పీపీఎం. అందులో 10 శాతం అంటే 1,000 పీపీఎం. అమెరికా కార్మిక నిబంధనల్లో ఎనిమిది గంటల సగటు హద్దు 100 పీపీఎం. అంటే నిప్పు అంటుకోదని మీటరు చెప్పిన చోట మనిషి పీల్చేది హద్దుకు పది రెట్ల దాకా ఉండొచ్చు. గాలి గొట్టం ఉన్న మాస్కు లేకుండా లోపలికి పంపకూడదు. ఐసోసైనేట్ అనే రసాయనం ఉన్న పాలీయురెథేన్ టాప్ కోట్ (పై పొర) కొట్టేటప్పుడు కూడా అంతే, కార్ట్రిడ్జ్ మాస్కును నమ్ముకోవద్దు. జైలీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్ల పైనే బరువు కాబట్టి ట్యాంకు అడుగు నుంచి లాగాలి. లాగిన గాలి ఎక్కడ వదులుతున్నారో ఒకసారి వెళ్లి చూడండి. ఆ గొట్టం మూతి డెక్ మీద ఇళ్ల వైపు తిరిగి ఉంటే మీ వాసన ఫిర్యాదుల్లో సగానికి కారణం అక్కడే దొరకొచ్చు. మూతిని పైకెత్తి అవతలి వైపు తిప్పితే ఫిర్యాదు తగ్గుతుంది. ఉద్గారం తగ్గదు, అయినా చేయండి.

ఇవన్నీ అయ్యాక యంత్రం. వేడి సిరామిక్ గుట్టల గుండా గాలిని పంపి సుమారు 800 డిగ్రీల దగ్గర ఆవిర్లను కాల్చే రకం 95 శాతానికి పైగా ధ్వంసం చేస్తుంది. కాకపోతే తన దాకా వచ్చిన ఆవిర్లనే. బ్లాకు హాలులో గాలి పరిమాణం చాలా ఎక్కువ, అందులో ఆవిరి చాలా పలచన. అంత గాలినీ వేడి చేయడానికి ఇంధనం తగలేయాలి, దాంతో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు మళ్లీ మీ లెక్కలోకే వస్తాయి. ముందు జియోలైట్ (ఆవిరిని పట్టుకునే ఖనిజం) చక్రంతో ఆవిర్లను పట్టి, గాలిని పదో వంతుకు కుదించి, తర్వాత కాల్చే ఏర్పాటు ఉంటేనే హాలుకు గిట్టుబాటు. దాని ముందు పెయింటు తుంపరను పట్టే మంచి ఫిల్టర్లు ఉండాలి, లేకపోతే చక్రం పూడుకుపోతుంది. చౌకగా వస్తుందని యాక్టివేటెడ్ కార్బన్ చూపిస్తే, మీ థిన్నర్‌లో కీటోన్లు ఉన్నాయా అని ముందు అడగండి. కీటోన్లు పట్టిన కార్బన్ గుట్టలు తమంతట తామే వేడెక్కి అంటుకున్న సందర్భాలు ఉన్నాయి.

ఒక్క యంత్రానికే డబ్బుందంటే నేనైతే షాప్ ప్రైమర్ లైనుకు పెడతాను. ప్లేట్లకు 15 నుంచి 20 మైక్రాన్ల ప్రైమర్ కొట్టే ఆ లైను చిన్న పెట్టెలో, రోజంతా, ఒకే పెయింటుతో నడుస్తుంది. గాలి తక్కువ, ఆవిరి చిక్కన. అక్కడ కూడా నీటి ఆధారిత జింక్ సిలికేట్ ప్రైమర్ మీ ఆరబెట్టే ఓవెన్‌కు సరిపడుతుందేమో ముందు అడిగి చూడండి. సరిపడితే యంత్రం అవసరమే పడకపోవచ్చు.

మీ పెయింటు రకాల ఘనపదార్థ శాతాలు, పోయిన ఏడాది కడగడానికి వాడిన థిన్నర్ విడిగా, హాలు ఫ్యాన్లు గంటకు లాగే గాలి పరిమాణం ఇక్కడ పెడితే చదరపు మీటరు లెక్క వేసి, హాలుకు ఏ సైజు యంత్రం పడుతుందో, అసలు పడుతుందో లేదో చెప్తాను.